నిప్పు పెరట్లో, లెక్క ఇంట్లో: బార్బెక్యూ కంట్రోలరుకు వైఫై కావాలి, ఇంటర్నెట్ అక్కర్లేదు

బొగ్గుల మీద గంటల తరబడి మాంసాన్ని మగ్గబెట్టే స్మోకరుకు ఉష్ణోగ్రత కంట్రోలరు అమర్చుకున్నవారు ఎవరైనా, నాలుగు రోజులు తిరక్కముందే దాన్ని ఇంట్లోని కంప్యూటరుకు కలుపుకోవాలనుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే తీగ లేకుండా కలిపే ఈ పని రెండు దారుల్లో జరుగుతుంది. మొదటి దారిలో, పెరట్లోని కంట్రోలరు పెట్టె మన రౌటరు ద్వారా మన కంప్యూటరుతోనే మాట్లాడుతుంది. రెండో దారిలో, అదే పెట్టె ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు అంకెలు పంపితే, ఆ సర్వరు వాటిని తిప్పి మన ఫోనుకు పంపుతుంది. మాలాంటి సరిహద్దు ఊళ్ళవారికి మొదటి దారే తగినదని, అంతకన్నా ముఖ్యంగా, ఏ దారి పట్టినా నిప్పుకు ఎంత గాలి ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం పెట్టె దాటి బయటికి పోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో వివరంగా చెబుతాను.

మేముండేది పర్లాకిమిడిలో. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ పట్టణం ఇటు చేరింది గానీ, మా ఇళ్ళలోనూ బజారులోనూ తెలుగు నిత్యం వినబడుతూనే ఉంది. మహేంద్రతనయ ఒడ్డునున్న ఈ ఊరి నుంచి కాస్త దూరం పోతే పాతపట్నం, అంటే ఆంధ్రా. ముందు గదిలో ఒడిశా టవరును పట్టుకున్న ఫోను పెరట్లోకి వెళ్ళేసరికి ఆంధ్రా టవరును పట్టుకోవడం, ఆ మారే సమయంలో డేటా కాసేపు నిలిచిపోవడం మాకు అలవాటైన సంగతి. గాలివాన వస్తే ముందు కరెంటు పోతుంది, ఆ వెనకే బ్రాడ్‌బ్యాండు పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, బయటి లైను మీద ఆధారపడిన వస్తువు ఏదైనా ఎంత త్వరగా మూగబోతుందో ఇక్కడివారందరికీ తెలిసివచ్చింది. అంత పెద్ద విపత్తు అక్కర్లేదు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట పడే మామూలు గాలివాన చాలు.

కంట్రోలరు చేసే పని నిజానికి చాలా చిన్నది. మన పల్లెల్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు పూటంతా కాగి ఎర్రబడినట్టే, స్మోకరులో మాంసం కూడా తక్కువ వేడి మీద, ఎక్కువ సేపు ఉంటేనే పదునుకు వస్తుంది. అమెరికాలో ఈ వంటకు వాడుకగా పెట్టుకునే వేడి 225 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్. ఎముకతో ఉన్న మేక తొడలో గట్టిగా ఉండే కొల్లాజెన్ అనే పీచు మాంసకృత్తు కరిగి జిగురుగా మారాలంటే మాంసం లోపలి వేడి 70 డిగ్రీలు దాటి గంటల కొద్దీ నిలవాలి. స్మోకరుగా వాడే ఇనుప డ్రమ్ము అడుగున ఉన్న బొగ్గుకు గాలి ఎక్కువైతే వేడి పెరుగుతుంది, తక్కువైతే నిప్పు నివురుగప్పుతుంది. కంట్రోలరు డ్రమ్ములోని వేడిని ఒక ప్రోబ్‌తోనూ, అంటే వేడి కొలిచే పుల్లతోనూ, మాంసం లోపలి వేడిని ఇంకొక ప్రోబ్‌తోనూ కొలుస్తూ, అడుగున బిగించిన చిన్న 12 వోల్టుల బ్లోయర్ ఫ్యానును అవసరమైనంత మేరకు తిప్పుతుంది. ఫ్యాను ఆగినప్పుడు దాని నోరు మూసుకునే రేకు కూడా ఉండాలి, లేకపోతే దొంగగాలి లోపలికి పోయి లెక్క తప్పుతుంది.

ఆ అవసరమైనంత ఎంతో తేల్చే లెక్కను పీఐడీ అంటారు. ఓడల చుక్కాని దానంతటదే దిద్దుకునే పద్ధతిని పరిశీలిస్తూ నికొలాస్ మినోర్‌స్కీ 1922లో దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. ఇప్పటి తేడా ఎంత, ఇంతవరకు పోగుపడిన తేడా ఎంత, తేడా ఎంత వేగంగా మారుతోంది అనే మూడింటినీ కలిపి చూసే లెక్క అది. బొగ్గుల నిప్పు విషయంలో మధ్యది ప్రమాదకరం. మూత తీసి మాంసం తిప్పుతున్నప్పుడు ప్రోబ్ దగ్గర వేడి ఒక్కసారిగా పడిపోతుంది. నిప్పు ఆరిపోతోందని కంట్రోలరు అనుకుని ఫ్యానును పూర్తి వేగంతో తిప్పుతుంది. మూత పెట్టేసరికి బొగ్గు కణకణలాడుతూ ఉంటుంది, పోగుపడిన తేడా లెక్క ఇంకా గాలి కావాలనే చెబుతుంటుంది. అందుకే మంచి కంట్రోలరు మూత తెరిచినట్టు పసిగట్టి, కొంతసేపు ఫ్యానును ఆపి ఉంచుతుంది. ఇదంతా క్షణక్షణం జరగవలసిన పని, నిప్పు పక్కనే జరగవలసిన పని.

మరి కంప్యూటరు ఎందుకు? గుర్తు పెట్టుకోవడానికి. పెట్టె మీది చిన్న తెర ఇప్పుడెంత ఉందో చెబుతుంది గానీ రెండు గంటల కిందట ఎంత ఉందో చెప్పదు. మాంసం లోపలి వేడి 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగిపోయి, గంటల పాటు కదలకుండా ఉండే దశ ఒకటి ఉంది. పై తడి ఆవిరవుతూ, లోపలికి వచ్చిన వేడిని వచ్చినట్టే పట్టుకుపోవడం దానికి కారణం. ఆ దశ తెలియనివారు ప్రోబ్ చెడిందనుకుంటారు, లేదా కంగారుపడి గాలి పెంచేస్తారు. కంప్యూటరు తెర మీద వేడిని చూపే గీత బల్లపరుపుగా సాగడం, తరవాత మెల్లగా పైకి లేవడం కళ్ళారా చూసినవారు ఇక తొందరపడరు. అలాగే సరుగుడు బొగ్గు, చింత బొగ్గు ఎలా కాలుతాయో రెండు వంటల గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే నోటిమాటల వాదన అక్కర్లేకుండా తేలిపోతుంది. ఫ్యాను ఎంత శాతం తిరిగిందో కూడా రాసిపెట్టుకుంటే, వేడి నిలకడగానే ఉండి ఫ్యాను శాతం మాత్రం పెరుగుతూ పోతున్నప్పుడు బొగ్గు అయిపోవస్తోందని ముందుగానే తెలుస్తుంది. ఈ ఒక్క లాభం కోసమైనా కంప్యూటరును కలపవచ్చునని నా అభిప్రాయం.

మా డ్రమ్ముకు మూత, గాలిగొట్టం అతికిన వెల్డింగు మేస్త్రీ ఇదంతా విని, "తీగ లాగీసుకుంటే పోద్ది కదా బాబూ, గాల్లో ఎందుకు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అంకెల నమ్మకం ఒక్కటే చూస్తే తీగదే పైచేయి. కానీ పెరట్లోంచి ఇంట్లోకి వచ్చే పొడుగాటి రాగితీగ, పిడుగు దగ్గరలో పడినప్పుడు ఆ పోటును నేరుగా రౌటరు మీదికి, దాని వెనకనున్న కంప్యూటరు మీదికి తెస్తుంది. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర స్థాయి విపత్తుల జాబితాలో చేర్చిందంటే ఇక్కడ అది ఎంత మామూలో అర్థం చేసుకోవచ్చు. ఇనుప డ్రమ్ముకు ప్రోబ్ తీగలతో కలిసి ఉండే పెట్టెకూ ఇంట్లోని యంత్రాలకూ మధ్య రాగి అనేది లేకుండా ఉండడమే వైర్‌లెస్ వల్ల కలిగే అసలు మేలు. తీగ కాళ్ళకు అడ్డం పడకపోవడం, ఎలుకలు కొరకకపోవడం దాని తరవాతివి.

మొదట్లో ఈ పరికరాలకు వైఫై లేదు. స్టోకర్ అనే అమెరికన్ కంట్రోలరుకు ఈథర్‌నెట్ సాకెట్టు, అంటే నెట్‌వర్కు తీగ గుచ్చే చోటు, ఉండేది. దాన్ని గాలిలో కలపాలనుకున్నవారు దాని పక్కన వైర్‌లెస్ బ్రిడ్జి ఒకటి పెట్టుకునేవారు, అంటే ఒక వైపు చిన్న తీగతో కంట్రోలరును, రెండో వైపు రేడియోతో ఇంటి రౌటరును పట్టుకునే డబ్బా అన్నమాట. మూలన పడిన పాత రౌటరులో డీడీ-డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేరు వేసి క్లయింట్ బ్రిడ్జిగా మార్చినా అదే పని చేస్తుంది. ఈథర్‌నెట్ ఉన్న కంట్రోలరు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పటికీ అదే చవకైన మార్గం. తరవాత బ్రయన్ మేలాండ్ రూపొందించిన హీటర్‌మీటర్ అనే కంట్రోలరు వచ్చింది. అందులో పనుల పంపకం నాకు ఎంతో నచ్చుతుంది: వేడి కొలిచి ఫ్యాను తిప్పే పని ఏటీమెగా328 అనే చిన్న చిప్పుది, వెబ్ పేజీ, గీతలు, నెట్‌వర్కు చూసుకునే పని మొదట్లో లింక్‌సిస్ రౌటరుది, తరవాత రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరుది. పెద్ద యంత్రం తడబడినా చిన్న చిప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఇప్పుడు అందరూ వాడే ఈఎస్‌పీ32 చిప్పులో ఆ రెండు పనులూ ఒకే చోట చేరాయి. చవకే, సులువే, కానీ ఆ విభజన చెరిగిపోయింది; దాన్ని ప్రోగ్రాములో మనమే తిరిగి కల్పించాలి.

ఇక్కడే నేను అందరికన్నా ఎక్కువగా పట్టుబట్టే విషయం ఉంది. ఈఎస్‌పీ32 మీద వైఫై వాడే నమూనా ప్రోగ్రాములు చాలావాటిలో, కనెక్షను దొరికేదాకా ఇక్కడే ఆగి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించు అనే అర్థం వచ్చే రెండు వరుసలు ఉంటాయి. బల్ల మీద పరీక్షించినప్పుడు అవి ఏ హానీ చెయ్యవు. ఇప్పుడు వాటిని నిప్పు దగ్గర పెట్టి చూడండి. మూత తీశారు, వేడి పడిపోయింది, ఫ్యాను నూరు శాతానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి రౌటరు ఆగింది. ప్రోగ్రాము ఆ రెండు వరుసల దగ్గర నిలబడి రౌటరు కోసం ఎదురుచూస్తుంటుంది. వేడి కొలిచే భాగం నడవదు, కానీ ఫ్యానుకు వెళ్ళే పల్సులను తయారుచేసేది చిప్పులోని వేరే భాగం కాబట్టి అది చివరిసారి చెప్పిన నూరు శాతాన్నే పట్టుకుని ఫ్యానును తిప్పుతూనే ఉంటుంది. బ్యాటరీ మీద నడిచే బ్లోయరు ఆ విధంగా పావుగంట తిరిగితే 107 దగ్గర ఉండవలసిన డ్రమ్ము ఏ స్థితికి పోతుందో ఊహించవచ్చు. కనుక వేడి కొలిచి ఫ్యాను దిద్దే భాగం గడియారం ప్రకారం దానంతటది నడవాలి. వైఫైకి సంబంధించిన పని దానికి దారి ఇస్తూ పక్కన నడవాలి. ప్రోగ్రాము బిగుసుకుపోతే వాచ్‌డాగ్, అంటే చిప్పులోనే ఉండే కాపలా గడియారం, దాన్ని తిరిగి మొదలుపెట్టాలి, మొదలైన ప్రతిసారీ ఫ్యాను ఆగిన స్థితి నుంచే మొదలవ్వాలి. రౌటరును చేత్తో ఆపేసి, ఫ్యాను లెక్క ప్రకారం నడుస్తోందో లేదో చూడకుండా ఏ కంట్రోలరునూ బొగ్గుల మీద నమ్మకూడదు.

అదే చిప్పులో ఇంకో చిక్కు ఉంది, అది తెలియక ప్రోబ్‌లను తిట్టేవారు చాలామంది. వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే థర్మిస్టరు ప్రోబ్ వోల్టేజీని కొలిచే పిన్నులు అందులో రెండు గుంపులుగా ఉంటాయి. వైఫై నడుస్తున్నంతసేపూ రెండో గుంపు కొలతకు పనికిరాదు. అందుకే వైఫై లేకుండా చక్కగా చూపిన ప్రోబ్, వైఫై పెట్టగానే అర్థంలేని అంకెలు చూపుతుంది. మొదటి గుంపులోని 32 నుంచి 39 వరకున్న పిన్నులు వాడితే సరిపోతుంది. డ్రమ్ము వేడికి మాత్రం థర్మోకపులు, అంటే రెండు రకాల లోహపు తీగలు కలిపి చేసిన ప్రోబ్, దానికి జోడీగా మ్యాక్స్31855 చిప్పు వాడడం మేలు. అది పావు డిగ్రీ మెట్లలో నేరుగా అంకెగా చెబుతుంది, తీగ తెగినా ఎర్తుకు తగిలినా ఆ సంగతి కూడా చెబుతుంది. ప్రోబ్ తెగినట్టు తెలిసిన క్షణంలో ఫ్యాను ఆగిపోవాలి. ఇంకొకటి, వైఫై సందేశం పంపే ఆ లిప్తకాలంలో చిప్పు కొన్ని వందల మిల్లీఆంపియర్ల కరెంటు లాగుతుంది. నాసిరకం ఛార్జరు, సన్నని తీగ ఉంటే వోల్టేజీ పడిపోయి చిప్పు మళ్ళీ మొదటికి వస్తుంది. చిప్పు దగ్గరగా, కాస్త కరెంటును నిలవ ఉంచే పెద్ద కెపాసిటరు ఒకటి పెడితే చాలావరకు ఆ బెడద తీరుతుంది.

రేడియో సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈఎస్‌పీ32 పట్టుకునేది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కదాన్నే. రౌటరులో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ ఒకే పేరు పెట్టి ఉంటే కొన్నిసార్లు కలపడంలో తికమక వస్తుంది, విడి పేర్లు పెట్టుకోవడం సుఖం. మా వీధి ఇళ్ళలో ఫైబరు ముందు గదిలోకి వస్తుంది, పొయ్యి వెనక పెరట్లో ఉంటుంది, మధ్యలో మూడు నాలుగు గోడలు. గోడలకన్నా ఎక్కువ అడ్డం వచ్చేది ఇనుప డ్రమ్మే. పెట్టెను డ్రమ్ముకు ఇంటివైపున, నడుమెత్తున, సెగ తగలనంత దూరంలో బిగించాలి. సిగ్నలు బలం మైనస్ 70 డీబీఎం (సిగ్నలును కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ) కన్నా మెరుగ్గా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 80 దాటి దిగితే పాత రౌటరొకటి వంటగది కిటికీలో పెట్టవలసిందే. అతిథుల కోసం ఇచ్చే గెస్టు నెట్‌వర్కులో మాత్రం కంట్రోలరును కలపకండి, అందులో ఒక పరికరం ఇంకొకదానితో మాట్లాడకుండా రౌటరు సాధారణంగా అడ్డుకుంటుంది.

కంట్రోలరూ కంప్యూటరూ మాట్లాడుకోవడానికి నేను ఎంచుకున్నది ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి. చమురు గొట్టపు మార్గాల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో పంపడానికి ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ 1999లో దాన్ని తయారుచేశారు. తెగుతూ అతుక్కుంటూ ఉండే లైన్ల కోసమే పుట్టింది కనుక మా పెరటికి అతికినట్టు సరిపోయింది. పాత కంప్యూటరులో మస్కీటో అనే ఉచిత బ్రోకరు, అంటే సందేశాలు అందుకుని పంచే ప్రోగ్రాము, నడుస్తుంది. కంట్రోలరు ఐదు సెకన్లకొకసారి రెండు వేడిమి అంకెలు, ఫ్యాను శాతం దానికి అందిస్తుంది. రౌటరులో కంప్యూటరుకు ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేలా కేటాయించుకుంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వెతుకులాట ఉండదు.

ఎంక్యూటీటీలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది లాస్ట్ విల్ అనే ఏర్పాటు. నేను చెప్పాపెట్టకుండా మాయమైతే అందరికీ ఈ మాట చెప్పు అని కంట్రోలరు ముందుగానే బ్రోకరు దగ్గర ఒక సందేశం ఉంచుతుంది. గడువు లోపల కంట్రోలరు నుంచి పలుకు రాకపోతే బ్రోకరు ఆ సందేశాన్ని పంపిస్తుంది, కంప్యూటరు గంట మోగిస్తుంది. వైర్‌లెస్ వల్ల వచ్చే అసలు అపాయం అంకె రాకపోవడం కాదు, వచ్చిన ఆఖరి అంకె తెర మీద అలాగే నిలిచిపోవడం. 107 అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంటే, అది ఇప్పటిదా, ఇరవై నిమిషాల కిందటిదా అని ఎవరూ అనుమానించరు. కనుక ప్రతి అంకె కిందా అది ఎప్పుడు వచ్చిందో కనబడాలి, అర నిమిషం దాటితే అంకె రంగు మారాలి, రెండు నిమిషాలు దాటితే గంట మోగాలి. మాంసం ఉడికిందని చెప్పే గంటకన్నా ఈ గంటే ముందు పెట్టుకోవలసినది.

లైను తెగిన సమయంలోని అంకెలు కూడా పోగొట్టుకోనక్కర్లేదు. ఒక్కో కొలతకు పదహారు బైట్లు అనుకున్నా, ఐదు సెకన్లకొకటి చొప్పున తొమ్మిది గంటల వంటకు 6,480 కొలతలు, లక్ష బైట్ల పైచిలుకు. మామూలుగా దొరికే ఈఎస్‌పీ32 బోర్డులోని 4 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీలో ఎంతో సుఖంగా ఇమిడిపోతుంది. రౌటరు తిరిగి లేచాక దాచిన అంకెలను కంట్రోలరు వరుసగా అప్పజెబుతుంది, గీతలో ఖాళీ మిగలదు. కరెంటు పోయినా నిప్పు ఆగదు గనక, కంట్రోలరుకూ ఫ్యానుకూ 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఇస్తే ఒక పూట వంటకు సరిపోతుంది.

ఇక కంపెనీ సర్వర్ల మాట. మా బావ ఇష్టపడి కొనుక్కున్న వైఫై ప్రోబ్ ఒకటి, దసరాకు అందరం కలిసిన రోజున, బ్రాడ్‌బ్యాండు పోగానే పనికిరాకుండా పోయింది. ప్రోబ్ మాంసంలోనే ఉంది, ఫోను చేతిలోనే ఉంది, రెండూ ఒకే రౌటరుకు కలిసే ఉన్నాయి, అయినా ఆ యాప్ సర్వరును వెతుకుతూ గిర్రున తిరుగుతూనే ఉంది. "నెట్టు లేకపోతే మాంసం ఉడకదేటి నాయనా?" అని మా అత్త బావను అడిగింది. నిప్పు మా ఇంటిది, మాంసం మా ఇంటిది, ఆ వేడి ఎంతో తెలుసుకోవడానికి మాత్రం దేశం దాటి వెళ్ళి రావాలన్న ఏర్పాటును ఆమె ఒక్క ప్రశ్నతో తూకం వేసింది. ఇది మా సరిహద్దు ఊళ్ళ ఇబ్బంది మాత్రమే కాదు. రివాల్వ్ అనే ఇంటి ఆటోమేషన్ పెట్టెల సర్వర్లను 2016 మే 15న నెస్ట్ అనే కంపెనీ మూసివేసినప్పుడు డబ్బిచ్చి కొన్నవారి పెట్టెలన్నీ పనిచేయడం మానేశాయి. 2022 ఏప్రిల్‌లో అలాంటి పరికరాలే అమ్మిన ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. వస్తువు చెడిపోకుండానే వస్తువు పోవడం కొనుక్కున్నవారికి జరగకూడని అన్యాయం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. బజారుకు వెళ్ళినప్పుడు కూడా ఫోనులో వేడి చూసుకోవచ్చు కదా అంటారు. మండుతున్న నిప్పును పెరట్లో వదిలేసి అందరూ ఊరి మీదికి పోవడమే నాకు సమ్మతం కాదు. ఫోనులో అంకె కనబడినంత మాత్రాన ఎగిరిపడిన నిప్పురవ్వను ఎవరూ ఆర్పలేరు. ఇంట్లో ఇంకొకరు ఉండి, వంట చేసేవారు కాసేపు బయటికి వెళ్ళవలసి వచ్చిందనుకోండి, అప్పుడు ఇంటి కంప్యూటరులోనే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్, అంటే బయటి నుంచి మన ఇంటి నెట్‌వర్కులోకి వచ్చే రహస్య దారి, పెట్టుకుని దాని ద్వారా గీత చూసుకోవచ్చు. రౌటరులో ఎంక్యూటీటీ వాడే 1883 పోర్టును, అంటే ఆ నంబరు ద్వారాన్ని, బయటి ప్రపంచానికి తెరవడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు. ఆ దారిలో పాస్‌వర్డు కూడా దాపరికం లేకుండా పోతుంది. కంప్యూటరు నుంచి వేడి మార్చే సదుపాయం పెట్టుకున్నా, 150 డిగ్రీలు దాటమనే ఆజ్ఞ ఎవరు పంపినా కంట్రోలరు తిరస్కరించేలా ఆ హద్దును పెట్టెలోనే రాసి ఉంచాలి.

కాబట్టి కొత్తగా కంట్రోలరు కొనాలనుకునేవారు దుకాణంలోనైనా, తెచ్చుకున్న మొదటి రోజు ఇంట్లోనైనా చేయవలసిన పరీక్ష ఒకటుంది. కంట్రోలరునూ కంప్యూటరునూ రౌటరుకు కలిపి, అంకెలు వస్తున్నాయని చూసుకుని, రౌటరును ఆపకుండా దానికి వచ్చే బయటి లైనును మాత్రం ఊడదీయండి. అంకెలు వస్తూనే ఉంటే ఆ పరికరం మన ఇంటిది. ఆ తరవాత రౌటరును కూడా ఆపి, నిలపవలసిన వేడిని వేణ్నీళ్ళకూ చన్నీళ్ళకూ మధ్యస్థంగా పెట్టి, డ్రమ్ము ప్రోబ్‌ను వేణ్నీళ్ళలో ఒకసారి, చన్నీళ్ళలో ఒకసారి ముంచి చూడండి. ఫ్యాను వేగం దానికి తగ్గట్టు మారితే దాన్ని నిప్పు దగ్గర పెట్టవచ్చు. ఈ రెండింట్లో ఏది తప్పినా, పెట్టె మీద ఎన్ని నక్షత్రాలు ముద్రించి ఉన్నా, వాపసు ఇచ్చే గడువు లోపలే తిరిగి ఇచ్చేయండి.